మెమరీ లోపానికి ముహూర్తం

"ఈ నెలాఖరుకల్లా మన బోర్డులో ఒక్క కంప్యూటర్‌లో కూడా మెమరీ లోపం అనేది లేకుండా చేస్తాం. ఒక ఛైర్మన్ ఈ మాట అనడం మొత్తం దక్షిణాసియాలోనే ఇదే మొదటిసారి" అని శ్రీ చెంగల్రాయుడుగారు ప్రకటించినప్పుడు, పురసవాక్కంలోని మా ఆఫీసు మీటింగ్ హాల్లో ముగ్గురు విలేఖరులు, పదకొండు మంది సిబ్బంది, ఒక ఫొటోగ్రాఫరు ఉన్నాం. చప్పట్లు బాగానే పడ్డాయి. విలేఖరుల్లో ఒకాయన మాత్రం, "అయితే నెలాఖరు దాకా లోపం ఉన్నట్టేనా సార్?" అని అడిగాడు. ఆయనకు రెండో వడ ఇవ్వలేదు.

మాది అల్పసంఖ్యాక భాషల ధ్రువపత్రాల బోర్డు. చెన్నైలో తరతరాలుగా ఉంటున్న తెలుగు, కన్నడ, మలయాళ కుటుంబాల పిల్లలకు, వీరి మాతృభాష ఫలానా అని ఒక పత్రం ఇస్తాం. అది ఉంటే ఆ భాషవాళ్లు నడిపే కాలేజీల్లో సీటు దొరుకుతుంది. లేకపోతే ఇంట్లో ఏ భాష మాట్లాడుకున్నా మాట్లాడనట్టే లెక్క. నా పేరు శివరామ్. ఇరవై రెండేళ్లుగా ఇక్కడ పత్రికా ప్రకటనలు రాస్తున్నాను. ఛైర్మన్‌గారు ఏమన్నారో కాక, ఏమని ఉండవలసిందో రాయడం నా ఉద్యోగం. దక్షిణాసియా అన్నది నేను రాసిచ్చిందే. ఆయన మొదట ఉత్తర చెన్నై అన్నారు.

ఈ వాగ్దానానికి మూలం నాలుగు రోజుల ముందు పై ఆఫీసు నుంచి వచ్చిన ఒక సర్క్యులర్. ఉత్తరాలూ దరఖాస్తులూ తయారుచేసే ఆఫీసు సాఫ్ట్‌వేర్, కంప్యూటర్ మెమరీని వాడుకునే తీరులో ఒక లోపం బయటపడిందట. ఎవరైనా కావాలని తయారుచేసిన డాక్యుమెంటును తెరిస్తే చాలు, ఊరూ పేరూ తెలియని మనిషి ఆ కంప్యూటర్లోకి వచ్చి కూర్చోగలడట. వెంటనే అప్‌డేట్ వేసుకోవాలనీ, తెలియనివారు పంపిన డాక్యుమెంట్లు తెరవవద్దనీ అందులో ఉంది. ఛైర్మన్‌గారు దాన్ని రెండుసార్లు చదివి, కంప్యూటర్లు చూసే సునయనను పిలిపించారు.

సునయనది గుంటూరు. ఏడాది కాంట్రాక్టు మీద మా దగ్గర చేరింది. పని మొదలుపెడితే పూర్తిచేసేదాకా వదలదు. ఆఫీసులో అందరం ఆ అమ్మాయిని కాస్త దూరం నుంచే మెచ్చుకునేవాళ్లం.

"ఏందిమా ఇది? మెమరీ లోపం అంటా ఉండారు. మన కంప్యూటర్లు మరిచిపోతా ఉండాయా?" అన్నారు ఛైర్మన్‌గారు.

"మరిచిపోవడం కాదండీ. మన కింద చీరల షాపు ఉంది కదా. ఒక కౌంటర్ మీద పది చీరలు పట్టే చోటుందనుకోండి. ఎవరో మూట తెచ్చారు, పైన 'పది' అని చీటీ ఉంది. సేల్స్‌మ్యాన్ లెక్కపెట్టకుండా చీటీని నమ్మి మూట విప్పాడు. లోపల ముప్పై ఉన్నాయి. మిగిలినవి పక్క కౌంటర్ మీద పడ్డాయి. అక్కడ ఓనరుగారు పనివాళ్లకి రాసిపెట్టిన కాగితం ఉంది. మూటలోంచి ఇంకో కాగితం వచ్చి సరిగ్గా దాని మీద పడింది. ఓనరుగారే రాశారనుకుని పనివాళ్లు అందులో ఉన్నట్టు చేశారు. 'తాళాలు ఈయనకి ఇచ్చేయండి' అని ఉంది. ఇచ్చేశారు."

ఛైర్మన్‌గారు కళ్లు మూసుకుని చాలాసేపు ఆలోచించారు.

"ఇది ఎప్పుడు జరిగింది?"

"జరగలేదండీ. ఉదాహరణకి చెప్పాను."

"కింద షాపు ఓనరు మనకు కావాల్సినోడే. తాళాలు మార్పించుకోమని నేను చెప్తా."

"సార్, షాపులో ఏం కాలేదు. మన కంప్యూటర్లలో అప్‌డేట్ వేస్తే, చీటీని నమ్మకుండా లెక్కపెట్టుకుంటాయి. అంతే."

"ఎన్ని దినాలు పడతాది?"

"ఇరవై నిమిషాలండీ. అందరూ ఫైల్స్ మూసేసి ఒకసారి రీస్టార్ట్ చేస్తే చాలు. ఇవాళ లంచ్‌లో చేసేస్తాను."

ఛైర్మన్‌గారి ముఖం చిన్నబోయింది. ఆయన బాధ నాకు వెంటనే అర్థమైంది. పదవిలోకి వచ్చి మూడేళ్లు. ఈ మూడేళ్లలో ఆయన చేతికి దొరికిన మొట్టమొదటి జాతీయస్థాయి లోపం ఇది. అది లంచ్‌లో, ఫొటో కూడా లేకుండా పోతుందంటే ఎవరికి మాత్రం మనసొప్పుతుంది?

"వద్దు" అన్నారు. "ఇది పెద్ద పని. పెద్దగానే చేయాల."

అలా పుట్టింది మెమరీ రక్షణ మహోత్సవం. మంత్రిగారు స్వయంగా వచ్చి వేదిక మీద బటన్ నొక్కుతారు. ఆ క్షణం నుంచి అప్‌డేట్ మొదలవుతుంది. అంతవరకూ ఏ కంప్యూటర్‌లోనూ అప్‌డేట్ వేయరాదు.

"ఈలోగా ఎవరైనా అలాంటి డాక్యుమెంటు పంపితే ఎలాగండీ?" అంది సునయన.

"తెరవొద్దని ఆర్డర్ వేస్తా. శివరామ్, రాసుకో. బయటి నుంచి వచ్చే ఏ డాక్యుమెంటూ తెరవరాదు."

"మనకొచ్చే దరఖాస్తులన్నీ బయటి నుంచే కదండీ వచ్చేది?"

"లోపలి నుంచి వచ్చేవి తెరవండి. వద్దన్లేదే."

లోపలి నుంచి వచ్చేవి సెలవు చీటీలు. వాటిని ఆలస్యం లేకుండా తెరిచాం.

మహోత్సవానికి మంత్రిగారు మొదట మే ఇరవై ఎనిమిది ఇచ్చారు. ఆఫీసు ముందు ఇరవై అడుగుల ఫ్లెక్సీ లేచింది. దాని మీద ఛైర్మన్‌గారు చూపుడువేలితో తన నుదుటిని తాకుతూ నవ్వుతున్నారు. సిబ్బంది మెమరీ కూడా పెరగాలన్న దూరదృష్టితో, క్యాంటీన్‌లో రోజూ వల్లారై, అంటే సరస్వతి ఆకు, పచ్చడి పెట్టమన్నారు. జ్ఞాపకశక్తికి ఆ ఆకు మంచిదట. మంత్రిగారికి ఆ రోజు ఒక పెళ్లి తగలడంతో తేదీ జూన్ ఆరుకి మారింది. ఫ్లెక్సీ మీద తేదీ దగ్గర స్టిక్కర్ అంటించాం. ఆరున ఢిల్లీ వెళ్లవలసి వచ్చింది. స్టిక్కర్ మీద స్టిక్కర్ పడి, జూన్ పద్దెనిమిది అయింది. ఛైర్మన్‌గారు ఏమాత్రం చలించలేదు. మహోత్సవం వాయిదా పడ్డ ప్రతిసారీ దాన్ని మరింత ఘనంగా జరపాలన్న పట్టుదల ఆయనలో పెరిగేది.

జూన్ మొదటి వారంలో పరంధామయ్యగారు వచ్చారు. పెరంబూరులో రైలు పెట్టెలకు ముప్పై నాలుగేళ్లు వెల్డింగ్ చేసి రిటైరైన మనిషి. వెంట మనవరాలు జనని. ప్లస్ టూలో తొంభై ఒక్క శాతం. తెలుగు ట్రస్టు నడిపే ఒక కాలేజీలో కామర్స్ సీటు వచ్చింది, పత్రం పెడితే చాలు. ఇద్దరినీ నేనే ఛైర్మన్‌గారి గదిలోకి తీసుకెళ్లాను.

"సామీ, పాప అప్లికేషన్ పంపి ఇరవై దినాలయింది. పద్నాలుగో తారీకు కడాసి అంట. దాటితే సీటు ఇంకొకరికి ఇచ్చేస్తారంట" అన్నారు పరంధామయ్యగారు నిలబడే.

ఛైర్మన్‌గారు జననివైపు తిరిగారు. "ఏమ్మా, తెలుగు మాట్లాడతావా?"

"పేసువేన్ సార్" అని, నాలిక కరుచుకుని, "అంటే, మాట్లాడతా సార్. ఇంట్లో తెలుగే దా" అంది జనని.

"చూసినావా శివరామ్? పిల్లలు ఇట్లా మరిచిపోతా ఉండారు. మెమరీ లోపం అంటే ఇదే. దీనికే నేను పోరాడతా ఉండేది."

ఆ వాక్యాన్ని నేను మహోత్సవ ఉపన్యాసం కోసం రాసుకున్నాను.

"మరి పాప అప్లికేషను, సామీ?"

"డాక్యుమెంటు తెరిచేదానికి లేదు పెద్దాయనా. ఆపత్తు ఉండాది."

"పోతే పోనీ, అన్నీ జెరాక్స్ తెచ్చినా. ఇదిగో."

"మనం పేపర్‌లెస్ అయి రెండేళ్లయింది. కాగితం ముట్టుకోకూడదు."

"అట్లయితే నోటితో చెప్తా సామీ. మా తాత కాలం నుంచి ఈడే ఉండాం. మా ఇంట్లో..."

"నోటితో చెప్పేదానికి రూలు లేదే."

పరంధామయ్యగారు చేతిలోని కాగితాలను చూసుకున్నారు. ముప్పై నాలుగేళ్లు ఇనుమును ఇనుముకు అతికించిన చేతులవి. ఈ రెండు ఆర్డర్ల మధ్య సందు మాత్రం వాటికి దొరకలేదు. బయటికి వచ్చాక జనని, ప్రింటర్ దగ్గర నిలబడి ఉన్న సునయనను అడిగింది: "అక్కా, ఆ అప్‌డేట్ వేసేస్తే అన్నీ తెరవచ్చు దానే?"

"తెరవచ్చమ్మా."

"ఎంతసేపు అవుతుంది?"

సునయన ప్రింటర్ వైపు తిరిగింది. ఇరవై నిమిషాలని ఆ పిల్లతో అనడానికి సిగ్గుపడి ఉంటుంది.

మర్నాడు లంచ్ టైములో మేమందరం క్యాంటీన్‌లో వల్లారై పచ్చడి తింటూ ఉండగా, సునయన ఒక్కతే కూర్చుని మా ఇరవై ఆరు కంప్యూటర్లకూ అప్‌డేట్ వేసేసింది. చేతులు కడుక్కుని వచ్చేసరికి బోర్డులో లోపం లేదు. ఎవరికీ తేడా తెలియలేదు కూడా. ఇక తెరవచ్చని సునయన చెప్పాక, వారం రోజుల్లో గుమాస్తాలు నాలుగు వేల రెండు వందల పన్నెండు దరఖాస్తులు పరిశీలించి, సంతకం కోసం ఛైర్మన్‌గారి కంప్యూటర్‌కి పంపేశారు. అన్ని ఫైళ్లు ఒకేసారి తన తెర మీద కనిపించేసరికి ఛైర్మన్‌గారికి అనుమానం వచ్చింది.

"లోపం ఏదమ్మా?" అన్నారు సునయనను పిలిచి.

"తీసేశానండీ."

"తీసేసినావా! పద్దెనిమిదిన మంత్రిగారు వచ్చి ఏం తీసేది?"

"ఆయన ఊరికే బటన్ నొక్కితే చాలు కదండీ. తెర మీద ఏదో ఒకటి తిరిగేట్టు నేను పెడతాను."

ఛైర్మన్‌గారు కుర్చీలోంచి లేచారు. "ఊరికే నొక్కేదా? లేని లోపాన్ని పోగొట్టినట్టు జనానికి చూపించేదా? నా రాజకీయ జీవితంలో ప్రజల్ని నేను ఎప్పుడూ మోసం చేయలా! ఇప్పుడూ చేయను. లోపాన్ని మళ్లీ పెట్టు."

ఇంతటి నిజాయితీ నేను ఏ ఛైర్మన్‌లోనూ చూడలేదు. సునయన కూడా చూసి ఉండదు.

"పెట్టనండీ. కాంట్రాక్టు తీసేసినా సరే."

"అన్నిట్లో వద్దులే. ఒక్కదాంట్లో? వేదిక మీద పెట్టేది నా కంప్యూటరే కదా. దాంట్లో మటుకు?"

"రాసివ్వండి."

రాసిచ్చాం. నేనే టైపు చేశాను. "ప్రజాప్రయోజనముల దృష్ట్యా, ముందస్తు అనుమతి లేకుండా తొలగించబడిన లోపమును ఛైర్మన్‌గారి కంప్యూటరునందు తక్షణమే యథాస్థితికి తీసుకురావలసినదిగా ఇందుమూలముగా ఆదేశించడమైనది." ఇరవై రెండేళ్లలో నేను రాసిన వాటిల్లో నాకు బాగా నచ్చిన వాక్యం ఇదే.

సునయన ఆ కాగితాన్ని జెరాక్స్ తీసుకుని, బ్యాగులో పెట్టుకుని, ఛైర్మన్‌గారి కంప్యూటర్లో అప్‌డేట్ తీసేసింది. "దీనికి నెట్ కూడా తీసేస్తానండీ, పద్దెనిమిది దాకా" అంది.

"నెట్ లేకపోతే మంత్రిగారి ఫంక్షన్ లైవ్ రిహార్సల్ ఎట్లా?"

"అయితే ఇందులో మీరు మాత్రం ఏమీ తెరవకండి సార్. ఏదొచ్చినా సరే."

"నేనేమన్నా చిన్నపిల్లోణ్ణా?" అన్నారు ఛైర్మన్‌గారు.

దరఖాస్తులు మాత్రం ఆయన దగ్గరే ఆగిపోయాయి. సంతకాలన్నీ పద్దెనిమిదిన మంత్రిగారి సమక్షంలో మొదలుపెట్టాలని నిశ్చయించారు. పరంధామయ్యగారు రోజూ పది గంటలకు వచ్చి బెంచీ మీద కూర్చునేవారు. "మొదటి పత్రం మీ మనవరాలికే, మంత్రిగారి చేత్తో" అని ఛైర్మన్‌గారు దాటిపోతూ అభయమిచ్చేవారు. "కడాసి పద్నాలుగు సామీ" అనేవారు పెద్దాయన. "నాలుగు దినాలే దా" అనేవారు ఛైర్మన్‌గారు. ఇద్దరూ చెప్పేది నిజమే.

పన్నెండో తేదీ ఉదయం పదకొండు గంటలకు నేను ఉపన్యాసం ప్రతి పట్టుకుని ఛైర్మన్‌గారి గదిలో ఉన్నాను. ఆయన తెర మీదికి వంగి ఒక మెయిల్ చదువుతున్నారు. ఆసియా ఖండ విశిష్ట పరిపాలకుడిగా ఆయన ఎంపికయ్యారనీ, జతపరిచిన డాక్యుమెంటు నింపి పంపితే పురస్కారం ప్రకటిస్తామనీ అందులో ఉంది.

"శివరామ్, ఇది తెరవచ్చా?"

"తెలియనివాళ్లు పంపితే తెరవొద్దని సర్క్యులర్ ఉంది సార్."

"వీళ్లకు నేను తెలుసు కదా! తెలియకుండానా ఎంపిక చేసినారు?"

నాకు ఎదురు చెప్పడానికి ఏమీ తోచలేదు. నిజానికి, తోచింది. చెప్పలేదు. ఆయన తెరిచారు. సాఫ్ట్‌వేర్ ఒకసారి మూతపడి మళ్లీ తెరుచుకుంది. లోపల ఒక ఖాళీ ఫారం ఉంది. అందులో నింపవలసింది పేరు ఒక్కటే. ఛైర్మన్‌గారు తన పేరు అక్షరం అక్షరం కొట్టి, ఇనీషియల్ సరిచూసుకుని, పంపించారు. ఇద్దరం కాఫీ తాగాం.

పన్నెండు కావస్తుండగా బయట బెంచీల దగ్గర కలకలం. ఒకరి ఫోన్ మోగింది, ఇంకొకరిది మోగింది, తర్వాత అన్నీ మోగాయి. "తాతా! వందుడుచ్చి! వచ్చేసింది!" అని జనని అరిచింది. తెర మీద పత్రం, కింద ఛైర్మన్‌గారి డిజిటల్ సంతకం. పరంధామయ్యగారు ఫోన్‌ను రెండు చేతులతో పట్టుకుని కళ్లకు అద్దుకున్నారు. కేకలు విని ఛైర్మన్‌గారు బయటికి వస్తే, జనం లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. ఎందుకో తెలియకపోయినా ఆయన చేతులు జోడించారు. అది ఆయనకు అలవాటైన పనే.

సునయన మాత్రం మమ్మల్ని తోసుకుంటూ గదిలోకి పరిగెత్తి, కంప్యూటర్ వెనక నెట్ వైరు పీకేసింది. చాలాసేపు తెర చూసి, తలుపు మూసింది.

"ఎవరో లోపలికొచ్చారు సార్. ఇందులో ఉన్న దరఖాస్తులన్నీ ఒక్కొక్కటే తెరిచి, కాపీ చేసుకుని, మూసేశారు. మొత్తం నాలుగు వేల రెండు వందల పన్నెండు. నలభై నిమిషాల్లో."

"మరి సంతకాలు?"

"మీ కంప్యూటర్లో ఫైలు తెరిచి మూస్తే దానంతటదే సంతకం పడి, పత్రం వాళ్ల ఫోన్‌కి వెళ్లేట్టు పెట్టించారు కదండీ."

అది నిజం. ప్రతి ఫైలుకూ విడిగా క్లిక్ చేయాలంటే ఛైర్మన్‌గారికి వేలు నొప్పిగా ఉంటోందని రెండేళ్ల కిందట చేసిన ఏర్పాటు అది. తెరిచారంటే చదివినట్టు, చదివారంటే ఒప్పుకున్నట్టు. మా బోర్డు పుట్టిన తర్వాత, తన ముందున్న దరఖాస్తులన్నీ ఒక్కటీ వదలకుండా తెరిచి చూసిన మొదటి మనిషి ఎక్కడివాడో, ఎవరో మాకు తెలియదు.

"వాళ్ల ఫోన్ నంబర్లు, ఆధార్, బ్యాంకు వివరాలు, పిల్లల మార్కులు, అన్నీ వాడి దగ్గరున్నాయండీ. ఇవాళే పైకి రిపోర్ట్ చేయాలి. ప్రతి కుటుంబానికీ ఫోన్ చేసి జాగ్రత్త చెప్పాలి."

"చెప్తే ఆ పత్రాలు?"

సునయన కిటికీలోంచి బయటికి చూసింది. జనని తాతకు ఫోన్‌లో కాలేజీ సైటు చూపిస్తోంది. "చెల్లకపోవచ్చండీ" అంది మెల్లగా. "కానీ దారుంది. ఇవాళా రేపూ మీరే కూర్చుని ఒక్కొక్కటీ చూసి మళ్లీ సంతకం పెట్టండి. గుమాస్తాలు ఎలాగూ సరిచూశారు. నేను పక్కనే ఉంటాను, అందరం ఉంటాం. పద్నాలుగులోపు అయిపోతుంది. ఎవరి సీటూ పోదు."

"నాలుగు వేలు! రెండు దినాల్లో! మనిషి చేసే పనా అది?" అన్నారు ఛైర్మన్‌గారు. ఆ తర్వాత నావైపు తిరిగారు. "శివరామ్, బయట జనం ఏమంటా ఉండారు?"

"మీరే చేశారంటున్నారు సార్."

"ప్రజల మాట కాదనేదానికి మనం ఎవరం?"

సునయన రాసిన రిపోర్టు 'పరిశీలనలో' అనే ఫైల్లోకి వెళ్లింది. నేనే పెట్టాను. మర్నాడు మూడు పత్రికల్లో నా ప్రకటన వచ్చింది: నలభై నిమిషాల్లో నాలుగు వేల కుటుంబాలకు న్యాయం, ఛైర్మన్ విశ్రాంతి లేని కృషి. పదమూడున జననికి సీటు ఖాయమైంది. పద్దెనిమిదిన మంత్రిగారు నిజంగానే వచ్చి బటన్ నొక్కారు. ఇరవై నిమిషాల్లో బోర్డులో మిగిలిన చివరి లోపం తొలగిపోయింది. ఆ ఇరవై నిమిషాలూ ఛైర్మన్‌గారు ప్రసంగించారు. మంత్రిగారు ఆయనకు శాలువా కప్పి, ఈ వేగం మిగతా బోర్డులకు ఆదర్శం కావాలన్నారు.

సునయన చప్పట్లు కొట్టలేదు. ఆ రోజు నుంచి లంచ్ టైములో మెట్ల మీద కూర్చుని, దరఖాస్తుల జాబితా పెట్టుకుని, తన సొంత ఫోన్‌లోంచి ఒక్కో ఇంటికీ ఫోన్ చేయడం మొదలుపెట్టింది. రోజుకు నలభై యాభై. చాలామంది సగంలోనే పెట్టేసేవారు. "మళ్లీ చేస్తానండీ" అని మూగబోయిన ఫోన్‌తో అనడం నేను చాలాసార్లు విన్నాను.

జూన్ ఆఖర్లో పరంధామయ్యగారు మైసూర్‌పాక్ పొట్లం పట్టుకుని నా టేబుల్ దగ్గరికి వచ్చారు.

"ఛైర్మన్‌గారికి నా దండం చెప్పండి సార్. పని చేసి ఊరుకోలేదు, ఫోన్ చేసి కూడా విచారిస్తా ఉండారు. మొన్న బోర్డు నుంచి ఒకాయన ఫోన్ చేసినాడు. 'పరంధామయ్యగారూ, నమస్కారమండీ' అనె. పాప పేరు, మార్కులు, కాలేజీ, అన్నీ ఆయనే చెప్పె. అంత చక్కని తెలుగు ఈ మద్రాసులో నేను విన్లేదు. పాపకు స్కాలర్‌షిప్ శాంక్షన్ అయిందంట. ఫోన్‌కి ఒక నంబర్ వస్తాది, చదవండి అన్నాడు. చదివినా. మూడు సార్లు వచ్చె, మూడు సార్లూ చదివినా."

నేను పొట్లం తీసుకుని టేబుల్ మీద పెట్టాను.

"నిన్న ఇంకొక ఆడపిల్ల ఫోన్ చేసె. నేను బోర్డులో పనిచేస్తా, ఎవరు అడిగినా ఏ నంబరూ చెప్పొద్దు అని ఒకటే ఆదుర్దా. మర్యాద లేదు, ఏం లేదు. ఇట్లా ఒక ఆడమనిషి ఫోన్ చేస్తాది, నమ్మొద్దండీ అని ఆయన ముందే చెప్పినాడు. నేనేమన్నా తెలీనోణ్ణా? టక్కని కట్ చేసినా."

నా వెనకే నిలబడి విన్న సునయన ముందుకు వచ్చింది. "తాతగారూ, ఆ ఫోన్ చేసింది నేనేనండీ."

పరంధామయ్యగారు ఆ అమ్మాయిని చూశారు. మనవరాలితో ప్రింటర్ దగ్గర మాట్లాడిన పిల్లే అని గుర్తుపట్టారు. ఎవరిని నమ్మాలో తేలక నావైపు చూశారు. ఇరవై రెండేళ్లుగా అక్కడ కూర్చున్న మనిషిని కాబట్టి, బోర్డు అంటే ఆయనకు నేనే. ఛైర్మన్‌గారి గది తలుపు సగం తెరిచి ఉంది. లోపల ఫ్యాన్ చప్పుడు వినిపిస్తోంది.

"ఆ విషయం పరిశీలనలో ఉందండీ" అన్నాను.

సునయన బ్యాగు భుజానికి తగిలించుకుంది. "మీ బ్యాంకు ఎక్కడండీ తాతగారూ? పదండి, మూసేలోపు వెళ్దాం" అని పెద్దాయన చెయ్యి పట్టుకుంది. మెట్లు దిగుతూ ఆయన, "ఏమయిందమ్మా? పాప సీటుకేం కాలేదు కదా?" అని అడుగుతున్నారు. మైసూర్‌పాక్ నా టేబుల్ మీదే ఉండిపోయింది.

మర్నాడు ఛైర్మన్‌గారు నన్ను పిలిచారు. ఎవరో స్త్రీ బోర్డు పేరు చెప్పి కుటుంబాలను భయపెడుతోందని ఫోన్ మీద ఫోన్ వస్తోందట. బోర్డు ప్రతిష్ఠ దెబ్బతింటోంది. ఆ స్త్రీ ఎవరో ఆయనకు తెలుసు. నాకు తెలుసని కూడా ఆయనకు తెలుసు.

"పేరు వద్దు. హెచ్చరిక మటుకు రాయి" అన్నారు.

రాశాను. "బోర్డు ఉద్యోగినినని చెప్పుకుంటూ, ఎవరికీ ఏ వివరమూ చెప్పవద్దంటూ ఒక మహిళ ప్రజలకు ఫోన్లు చేస్తున్నట్లు మా దృష్టికి వచ్చినది. ఇటువంటి కాల్స్‌ను నమ్మవద్దు. బోర్డు పక్షాన మర్యాదపూర్వకంగా మాట్లాడువారికి మాత్రమే సహకరించగలరు." శుక్రవారం అన్ని పత్రికల్లోనూ వచ్చింది. సోమవారంతో సునయన కాంట్రాక్టు ముగిసింది, పొడిగించలేదు. టిఫిన్ డబ్బా, జాబితా బ్యాగులో సర్దుకుని వెళ్లిపోయింది. జాబితాలో ఇంకా మూడు వేల ఏడు వందల పేర్లు మిగిలి ఉన్నాయని వెళ్లేముందు నాకు చెప్పింది. నేను ఏమీ అడగకుండానే.

ఆ మధ్యాహ్నం నేను భోజనం చేసి కూర్చున్నాక నా ఫోన్ మోగింది.

"శివరామ్‌గారేనా అండీ? నమస్కారమండీ. బోర్డు ప్రధాన కార్యాలయం నుంచి మాట్లాడుతున్నాను. శుక్రవారం పేపర్లో మీ హెచ్చరిక చదివాను. ఎంత స్పష్టంగా ఉందండీ! ఒక్క మాట ఎక్కువ లేదు, ఒక్క మాట తక్కువ లేదు. ఇలాంటి తెలుగు రాసేవాళ్లు ఈ రోజుల్లో ఎక్కడున్నారండీ?"

నేను లేచి నిలబడ్డాను.

"మీ ఇరవై రెండేళ్ల సేవకి బోర్డు ఒక గుర్తింపు ఇవ్వాలనుకుంటోందండీ. ఇప్పుడే మీ ఫోన్‌కి ఒక నంబర్ వస్తుంది. కాస్త చదివి చెబుతారా?"

నా తెలుగు బాగుందని ఈ ఆఫీసులో ఇంతవరకు ఎవరూ అనలేదు. ఫోన్ టింగుమంది. నేను కళ్లజోడు తుడిచి పెట్టుకున్నాను.